తరగతికి ఏ పేరు పెట్టవలెను?

చెన్నైలో పట్నవాసులకు రుసుముమీద నేత తరగతులు పెట్టదలచిన సంఘములవారు మమ్ములను అడుగు మాట ఒకటే: కరపత్రములో దానిని ఏమని వ్రాయవలెను?

‘శిక్షణ’ అనగానే మన ఇండ్లలో ‘స్టయిఫండు ఎంత?’ అందురు. ప్రభుత్వ పథకములు అనేకము నేర్చుకొనువారికే భత్యమిచ్చి నేర్పినవి. కావున డబ్బు పుచ్చుకొను తరగతికి ఆ పేరు గుమ్మములోనే తగవు తెచ్చును. ‘వర్క్‌షాపు’ అనగా మన వీధులలో లారీలు బాగుచేయు షెడ్డు. కాని చదువువారు పట్నవాసులు గనుక ఆ మాటకు మాకు అభ్యంతరము లేదు.

‘మాస్టర్ వీవరుచే బోధన’ అని మాత్రము వ్రాయరాదు. పట్నవాసి దానిని నేర్పరియైన నేతగాడని చదువును. మనకు మాస్టర్ వీవరనగా నూలిచ్చి నేయించుకొను షావుకారు. ఆయన ఎన్నడు మగ్గమెక్కెను? నేర్పువాని పేరే అచ్చు వేయుడు, ఊరితో సహా.

పోచంపల్లి వైపు చిట్కి యనుదానిని లోకమంతయు ఇక్కత్ అనుచున్నది. అది మలయ్ భాషలో కట్టుట యను మాటనుండి వచ్చినది. పైన ఇక్కత్ అనియు, క్రింద చిట్కి అనియు వేసిన చాలును.

అసలు చిక్కు కాలపరిమితిలో నున్నది. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సంస్థలో డిప్లొమాకు 3 సంవత్సరములు పట్టును. మనము 2 దినములకు ‘జామ్దానీ నేత కోర్సు’ అని వ్రాసినచో, ఆ వచ్చినవారే రేపు చీరకు కూలి ఇంత యేమని బేరమాడుదురు. ‘మగ్గము పరిచయము, 2 దినములు, పడుగు సిద్ధముగా నుండును, ఒక చేతిరుమాలు నేసి తీసికొనిపోవచ్చును’ అని వ్రాయుడు.

ఉన్నది ఉన్నట్లు చెప్పిన గిరాకీ పోవునను భయము వలదు. 1950ల చివర అమెరికాకు పోయిన మద్రాసు గళ్ళ గుడ్డ ఉతికినప్పుడు రంగు దిగెనని గొడవ వచ్చినది. అమ్మకందారులు గుడ్డను మార్చలేదు; రంగు దిగుట ఖాయమని ప్రకటనలోనే చాటిరి. ఆ రంగు దిగుటయే దానికి పేరు తెచ్చినది.

ముందుగా కట్టు సొమ్మును ‘అడ్వాన్సు’ అనకుడు. మనవారి చెవికి అది షావుకారు బాకీ. ‘రుసుము’ అని వ్రాసి, రానిచో ఎంత తిరిగి ఇత్తురో ఆ ప్రక్కనే వేయుడు. సీట్లు ఎన్ని యన్నది మగ్గములను లెక్కించి చెప్పవలెను, కుర్చీలను కాదు.