మీకు తెలుసా? అన్నమూ గ్లూకోజే, నూలు పంచె కూడా గ్లూకోజే!

● అన్నంలోని పిండిపదార్థం, నూలులోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజు గొలుసులే. తేడా అంతా లంకెలోనే ఉంది. పిండిలో ఉండేది ఆల్ఫా లంకె, మన ఎంజైములు దాన్ని ఇట్టే తెంపేస్తాయి. సెల్యులోజ్‌లోది బీటా లంకె. దాన్ని తెంపే ఎంజైము మన ఒంట్లో లేదు.

● ఆ ఎంజైము ఆవులకూ గేదెలకూ సొంతంగా లేదు. వాటి కడుపులో కాపురముండే సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. ఎండుగడ్డి తిని పాలివ్వడం వెనక కిటుకు ఇదే.

● పిండిపదార్థంలో రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోజ్ దాదాపు కొమ్మల్లేకుండా మెలితిరిగి ఉంటుంది, అమైలోపెక్టిన్‌కు కొమ్మలెక్కువ. బియ్యంలో అమైలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, తక్కువైతే ముద్దవుతుంది.

● చల్లారిన గంజిలో ఒక చుక్క అయోడిన్ వేస్తే ముదురు నీలం రంగు వస్తుంది. అమైలోజ్ మెలికల్లోకి అయోడిన్ దూరడం వల్లే ఆ రంగు. గంజిని వేడి చేస్తే మెలికలు సడలి రంగు పోతుంది, చల్లారాక మళ్లీ వస్తుంది. పరీక్షయ్యాక ఆ గంజి మాత్రం పారబోయాలి.

● మనం గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచుకుంటాం. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా ఉంటుంది. రాత్రి నిద్రలో రక్తానికి చక్కెర అందించేది కాలేయం నిల్వే. కండరాలు తమ నిల్వను తామే వాడుకుంటాయి, రక్తంలోకి వదలవు.

● రొయ్య పెంకులోనూ, పుట్టగొడుగు కణాల గోడలోనూ ఉండేది ఒకటే పదార్థం, కైటిన్. ఫ్రాన్స్ శాస్త్రవేత్త అన్రీ బ్రాకొనో 1811లో దీన్ని పుట్టగొడుగుల్లో గుర్తించాడు.

● ఏ గ్రూపు రక్తానికీ బీ గ్రూపుకీ తేడా ఎర్ర రక్తకణాల మీది గొలుసు చివరనున్న ఒక్క చక్కెరే. ఓ గ్రూపులో ఆ రెండూ ఉండవు, వాటికి ఆధారమైన హెచ్ అనే చక్కెర నిర్మాణం మాత్రం ఉంటుంది. అది కూడా లేనిదే 1952లో బయటపడ్డ 'బాంబే' గ్రూపు. వీళ్లకు ఓ రక్తం కూడా సరిపడదు, మరో బాంబే గ్రూపు దాతే కావాలి.

● మనకు అరగని పీచు వృథా పోదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా అందులో కొంత పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. కాబట్టి జామకాయ, ఆపిల్ లాంటివి శుభ్రంగా కడిగి తొక్కతోనే తినండి.