గుర్రానికి శత్రువు ఎలుకా, దున్నపోతా?

ఉండి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా సరే, ఒక ఇంట పెళ్ళిమాటలు మొదలైతే ముందుగా అటక మీది నుంచి దిగేది పంచాంగం. అమ్మాయిది ఏ నక్షత్రం, అబ్బాయిది ఏ నక్షత్రం, పొంతన కుదిరిందా, ముప్పై ఆరు గుణాలకు ఎన్ని వచ్చాయి అని పెద్దలు లెక్క చూస్తారు. ఆ లెక్కలో 'యోని పొంతన' అని ఒకటి ఉంది. అందులో ప్రతి నక్షత్రానికీ ఒక జంతువు ఉంటుంది. అశ్వని, శతభిషం వారికి గుర్రం. హస్త, స్వాతి వారికి దున్న. మఖ, పుబ్బ వారికి ఎలుక. పునర్వసు, ఆశ్లేష వారికి పిల్లి. పిల్లికీ ఎలుకకూ పడదు గదా! కాబట్టి ఆ నక్షత్రాల వారికి పెళ్ళి చేస్తే కాపురం సజావుగా సాగదంటారు. అలాగే గుర్రానికీ దున్నకూ పడదట.

ఇప్పుడు మనం చైనాకు వెళ్ళి చూద్దాం. అక్కడా మనుషులకు జంతువులున్నాయి. అయితే అవి నక్షత్రాన్ని బట్టి కాక, పుట్టిన సంవత్సరాన్ని బట్టి వస్తాయి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది - ఈ పన్నెండూ వరుసగా ఏడాదికొకటి చొప్పున తిరుగుతుంటాయి. 2012 జనవరి 23 నుంచి 2013 ఫిబ్రవరి 9 వరకు పుట్టిన వారందరూ డ్రాగన్లు! ఈ పన్నెండింటినీ గడియారం అంకెల్లా గుండ్రంగా రాస్తే, సరిగ్గా ఎదురెదురుగా వచ్చే జంతువులకు పొసగదని అక్కడి నమ్మకం. ఎలుకకు ఎదురుగా వచ్చేది గుర్రం. పులికి ఎదురుగా వచ్చేది కోతి.

మరి గుర్రానికి శత్రువు ఎవరు? మన పంచాంగం దున్న అంటుంది. చైనా పంచాంగం ఎలుక అంటుంది. ఎవరి మాట నిజం?

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1980 ఫిబ్రవరి 16న తెలుగునాట మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఆ రోజును ఎంతో ముందుగానే లెక్క కట్టారు. గ్రహణాన్ని హైదరాబాదులో లెక్క కట్టినా, పెకింగులో లెక్క కట్టినా ఒకే జవాబు వస్తుంది. ఎందుకంటే సూర్యుడూ చంద్రుడూ అందరికీ ఒక్కరే. మనుషుల స్వభావాన్ని జంతువులు నిర్ణయించడం ప్రకృతి నియమమే అయితే, రెండు దేశాల వారికీ అదే గుర్రం, అదే శత్రువు దొరకాలి గదా? దొరకలేదు. అంటే ఒకే పంచాంగంలో రెండు రకాల మాటలున్నాయన్న మాట. తిథులు, గ్రహణాలు ఆకాశాన్ని చూసి కట్టిన లెక్కలు. శత్రుమిత్రుల జాబితా మనుషులు చేసుకున్న కల్పన.

అయినా సరిపోతున్నట్టు ఎందుకనిపిస్తుంది?

"నా గురించి చెప్పింది అక్షరాలా నిజమైంది" అని చాలామంది అంటుంటారు. వారు అబద్ధమాడటం లేదు. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. తరువాత 'ఇది నీ స్వభావం' అంటూ ఒక్కొక్కరికీ ఒక కాయితం ఇచ్చి, అది ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చాయి! అసలు సంగతేమిటంటే, అందరికీ ఇచ్చింది ఒకే కాయితం. అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. 'పైకి ధైర్యంగా కనిపిస్తావు గాని లోపల బెంగ పడతావు' వంటి మాట ఎవరికి సరిపోదు చెప్పండి?

మరి నిజానిజాలు తేల్చేదెలా? ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొత్త వరి వంగడం మంచిదో కాదో తేల్చాలంటే దాన్ని ఒక్కదాన్నే పండించి చూస్తే చాలదని మీ ఊరి రైతులకు తెలుసు. పక్క మడిలో పాత వంగడమూ వేసి, రెండింటి దిగుబడినీ కొలిచి చూడాలి. జాతకానికీ అంతే.

2008లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్, ఆయన మిత్రులు మహారాష్ట్రలో ఆ పనే చేశారు. చదువులో బాగా రాణిస్తున్న 100 మంది పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు కలిపేశారు. ఏది ఎవరిదో చెప్పమని ఒక్కొక్క జ్యోతిష్కుడికీ 40 జాతకాలు పంపారు. 27 మంది జవాబులు పంపారు. వాటిలో సరైనవి సగటున నూటికి 46. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా నూటికి 50 సరిపోతాయి!

సరదా అనుకుంటే పొరపాటు

"పోనిద్దురూ, నమ్మితే నష్టమేముంది?" అని మీరు అడగవచ్చు. జపానును చూడండి. చైనా లెక్కలో పన్నెండు జంతువులతో పాటు పది 'కాండాలు' కూడా తిరుగుతుంటాయి. 10, 12ల క.సా.గు. 60 గనుక అదే జత మళ్ళీ అరవై ఏళ్ళకు వస్తుంది. మన ప్రభవాది సంవత్సరాలూ అరవయ్యే గదా! ఈ అరవైలో 'అగ్ని గుర్రం' అనే సంవత్సరం ఒకటి. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మొగుడికి చేటు తెస్తుందని జపానులో ఒక మూఢనమ్మకం. 1965లో అక్కడ 18.2 లక్షల మంది పిల్లలు పుట్టారు. అగ్ని గుర్రం సంవత్సరమైన 1966లో 13.6 లక్షలే. 1967లో మళ్ళీ 19.4 లక్షలు! కేవలం ఒక జంతువు పేరుకు భయపడి, లక్షలాది దంపతులు ఆ ఏడు పిల్లలు వద్దనుకున్నారు. 2026 మళ్ళీ అగ్ని గుర్రం సంవత్సరమే.

జపాను వారిని చూసి నవ్వకండి. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి కీడనీ, ఆశ్లేష అత్తకనీ, జ్యేష్ఠ బావగారికనీ, విశాఖ మరిదికనీ మన ఇళ్ళలో అనడం లేదూ? ఈ మాటతోనే ఎన్నో సంబంధాలు వెనక్కి పోతున్నాయి. ఏ తప్పూ చేయని పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటోంది.

ఒక్కసారి లెక్క వేయండి. చంద్రుడు భూమి చుట్టూ తిరిగి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. నక్షత్రాలు 27. అంటే ఒక్కొక్క నక్షత్రానికి దాదాపు ఒక రోజు. 140 కోట్లు దాటిన మన జనాభాలో ఒక్క మూలలోనే పుట్టినవారు సుమారు అయిదు కోట్లు. ఈ నాలుగు నక్షత్రాలూ కలిపితే 27లో 4. మీ తరగతిలో 27 మంది ఆడపిల్లలుంటే, వారిలో నలుగురు పుట్టుకతోనే 'దోషం' ఉన్నవారు! చంద్రుడు ఆ రోజున ఆకాశంలో ఎటు ఉన్నాడన్నది వారి నేరమా?

కోడలు వచ్చిన రెండేళ్ళకు మామగారు పోతే, ఆమెది మూల అయితే ఊరంతా గుర్తుంచుకుంటుంది. ఆమెది రోహిణి అయితే నక్షత్రం ఎవరూ అడగరు. మూల కోడలి మామగారు తొంభై ఏళ్ళు బతికినా ఎవరూ లెక్క పెట్టరు. పక్క మడిని కొలవకుండానే తీర్పు చెప్పడమంటే ఇదే.

మీరూ చేసి చూడండి

ఏదైనా పత్రికలోని పన్నెండు రాశిఫలాలను కత్తిరించి, రాశి పేర్లు తీసేసి, అంకెలు వేయండి. నిన్నటి రోజు ఎవరికెలా గడిచిందో, దానికి సరిపోయే ఫలం ఏదో ఎంచుకోమని స్నేహితులను అడగండి. ఎంతమంది తమ రాశి ఫలాన్నే ఎంచుకున్నారో లెక్కపెట్టండి. ఊరికే గుడ్డిగా ఎంచుకున్నా పన్నెండుమందిలో ఒకరిది సరిపోతుందని మరవకండి. మరొక మాట. మీ తరగతిలో అందరూ దాదాపు ఒకే ఏడాది పుట్టినవారే, అంటే చైనా లెక్కలో ఒకటి రెండు జంతువులవారే. మరి మీ అందరి స్వభావాలూ ఒక్కటేనా? పక్క బెంచీ వైపు ఒకసారి తిరిగి చూడండి. జవాబు మీకే దొరుకుతుంది.