స్క్రీన్ రీడరునకు తెలుగు మాట

సాతంరాయినుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు ప్రయాణికుడు నేడు కారును పిలుచుట మొదలు విమానమెక్కు వరకు పెక్కు పనులను మొబైల్ యాప్‌లతోనే నెరవేర్చుకొనుచున్నాడు. చూపులేని ప్రయాణికునకు ఈ యాప్‌లు ఎట్లు ఉపకరించుననుట యంత్రజ్ఞుల ప్రశ్నగా తోచును గాని, అందు సగము భాషావిషయమే యని మా యభిప్రాయము.

అంధులు ఫోనును స్క్రీన్ రీడరుతో వాడుదురు. ఆండ్రాయిడ్ ఫోనులందలి టాక్‌బ్యాక్, ఐఫోనులందలి వాయిస్ఓవర్ ఇట్టివి. రెండును 2009లో వచ్చినవి. తెరపై వ్రేలు ఆనినచోట నున్నదాని పేరును, అది బటనో వ్రాసెడి గడియో యను జాతిని, దాని స్థితిని ఇవి పైకి చదువును. రెండుమార్లు తట్టినచో పని జరుగును. అయితే ఇవి చదువునది బొమ్మను గాదు, బొమ్మవెనుక నిర్మాత వ్రాసియుంచిన పేరును. పేరు లేనిచో 'బటన్, బటన్' అనియే వినబడును. కారును పిలుచునదేదో, రద్దుచేయునదేదో వినువానికి తెలియదు. ఇటీవలి ఫోనులు బొమ్మను ఊహించి చెప్పుచున్నను ఊహ పేరునకు సాటిరాదు.

పేరిడుటలో మెలకువ కలదు. చిరునామాను మార్చు బటనుపై పెన్సిలు బొమ్మ యుండును. దానికి 'పెన్సిలు' అను పేరు వ్యర్థము. 'చిరునామా మార్చు' అనవలెను. ఇచట నామముకంటె విధ్యర్థక క్రియ మేలు. 'చిరునామా మార్చు బటన్' అన్నచో పునరుక్తి. బటన్ అను మాటను రీడరే పలుకును గదా!

వాక్యము తెలుగని యాప్ తెలుపనిచో ఆంగ్లస్వరము దానిని వికృతముగా పలుకును, లేదా విడిచిపెట్టును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు. పాత ఫాంటులతో కూర్చిన రచన మాత్రము కంటికి తెలుగు, లోపల రోమనక్షరముల గుంపు. అట్టి సిద్ధాంతవ్యాసములు మన శాఖలలో ఎన్ని కలవో చదువరులే ఎంచుకొందురు గాక.

కన్నార్పుమని అడిగి మనిషిని గుర్తించు యాప్‌ల ముందు అంధులును, ఆమ్లదాడిలో కనులు దెబ్బతిన్నవారును ఆగిపోవలసివచ్చినది. ఈ వ్యాజ్యములందు సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పుచు, డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమనెను. కన్నార్పుటకు బదులు వేరు మార్గములుండవలెననెను. శంషాబాదులో 2023 నుండి అమలులోనున్న డిజియాత్రలో చేరుటకును ఫోనులో ముఖచిత్రము తీసికొనవలెను గనుక, ఈ తీర్పు విమానప్రయాణికునకు దూరమైనది కాదు.

పరిశోధక విద్యార్థులు టాక్‌బ్యాకును తెరచి, కనులు మూసికొని, ఒక తెలుగు యాప్‌ను మొదటినుండి తుదివరకు వినినచో పేరులేని బటన్లు ఎన్ని కలవో తెలియును. వానికి తగిన తెలుగుపేర్లు కూర్చి నిర్మాతలకు పంపుట పరిశోధనాంశముగ స్వీకరింపదగిన పని.