స్కానింగు బాగుంది... మరి ఈ దడేమిటి?

బెంగళూరు: బండి మీంచి పడ్డాడు. తలకు చిన్న దెబ్బే. స్కానింగులో ఏమీ లేదన్నారు. నెల దాటినా లేచి నిలబడితే కళ్లు తిరగడం, గుండెదడ, నిద్ర కరువు. ఎవరితోనూ మాట్లాడడు. ఇంట్లోవాళ్లేమో 'పని ఎగ్గొట్టే ఎత్తులు' అంటారు. పాపం, ఎత్తులు కావు!

గుండె వేగాన్ని, రక్తపోటును, చెమటను మన ప్రమేయం లేకుండా నడిపే నరాల వ్యవస్థ చిన్న దెబ్బకీ పట్టు తప్పొచ్చు. అది స్కానింగులో కనబడదు. దానికి కుంగుబాటు తోడైతే ఏది దేనివల్లో తెలియదు. అందుకే డాక్టరుకు దడ ఒక్కటే కాదు, దెబ్బ సంగతి, దిగులు సంగతి కూడా చెప్పాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి, బీపీ చూడమనాలి.

తలదెబ్బంటే హిందూపురం, మదనపల్లె వాసులకు గుర్తొచ్చేది హోసూరు రోడ్డులోని నిమ్హాన్సే. 2022లో మొదలైన టెలీమానస్‌కూ అదే ప్రధాన కేంద్రం. దిగులు ముదిరితే 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.