అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీలో న్యాయ ఇంటర్న్‌షిప్

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీలో న్యాయ ఇంటర్న్‌షిప్ అనగా న్యాయశాస్త్రము చదివినవారు ఆ సంస్థ న్యాయవిభాగములో పరిమిత కాలము పనిచేయుచు, యుద్ధకాలపు చట్టములలో పొందు శిక్షణ. ఈ కమిటీ 1863లో స్థాపింపబడినది. దీని ప్రధాన కార్యాలయము స్విట్జర్లాండులోని జెనీవా నగరములో ఉన్నది.

పని

న్యాయవిభాగపు పనికి మూలాధారము 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందములు. భారత పార్లమెంటు 1960లో వీటికి చట్టరూపమిచ్చినది. శిక్షణార్థులు వివిధ దేశముల శాసనములు, సైనిక నియమావళులు, న్యాయస్థానముల తీర్పులు పరిశీలించి, న్యాయ సలహాదారులకు తోడ్పడుదురు. ఇట్టి ఆధారములను క్రోడీకరించియే కమిటీ 2005లో 161 ఆచారసిద్ధ నియమములను ప్రచురించినది.

గోప్యత

సాధారణముగా న్యాయవాది ఒక పక్షము వహించి వాదించును. ఇక్కడ ఏ పక్షమూ వహింపరాదు. తెలిసినది బయట చెప్పరాదు. మూడవ ఒప్పందములోని 126వ అధికరణము, యుద్ధఖైదీలతో ఏకాంతముగా మాట్లాడు హక్కును కమిటీ ప్రతినిధులకు ఇచ్చినది. అక్కడ విన్న మాట న్యాయస్థానమునకు చేరునను అనుమానము కలిగినచో చెరసాల తలుపులు మూతపడును. నష్టపోవువారు ఖైదీలే.

1999లో పూర్వ యుగోస్లావియా అంతర్జాతీయ నేర న్యాయస్థానములో, సిమిచ్ కేసునందు ఈ ప్రశ్న తలెత్తినది. కమిటీలో లోగడ దుభాషిగా పనిచేసిన వ్యక్తిని ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలువదలచగా న్యాయస్థానము అంగీకరింపలేదు. ఒక న్యాయమూర్తి మాత్రము, సాక్ష్యపు అవసరమును కూడ తూచి చూడవలెనని వేరుగా అభిప్రాయపడినారు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 73వ నియమము సైతము కమిటీ ప్రస్తుత, పూర్వ ఉద్యోగులకు ఇట్టి రక్షణ కల్పించినది. కనుక సంస్థను వీడిన పిదప కూడ గోప్యత పాటించు బాధ్యత తీరదు.