నడకలో తడబాటు, సంతకంలో తొందరపాటు

బళ్లారి పాత పేటల్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడతారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అయినా రెండు భాషల వాడుక ఊళ్లో అలాగే నిలిచింది. ఈ అలవాటు మెదడుకు మేలు చేస్తుందనడానికి ఆధారం హైదరాబాద్‌లో దొరికింది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివారిలోనూ ఆ మేలు కనిపించింది.

జబ్బు ఆలస్యమైందంటే అసలు రాదని కాదు. వయసుతో వచ్చే మామూలు మరపుకీ డిమెన్షియాకీ మధ్య ఒక దశ ఉంది. దాని పేరు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా ఎంసీఐ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో దాని లక్షణాలను వివరించింది. ఈ దశలో స్నానం, భోజనం, పూజ, పలకరింపులు అన్నీ ఎప్పట్లాగే సాగిపోతాయి. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు.

అనుమానం రావాల్సింది డబ్బు దగ్గర. కరెంటు బిల్లు రెండోసారి కట్టేస్తారు. పాస్‌బుక్ ముందు పెట్టుకుని చాలాసేపు చూసినా ఎంత జమైందో, ఎంత ఖర్చైందో తేలదు. ఇద్దరు కొడుకులు రెండు మాటలు చెబితే, చివర చెప్పినవాడి మాటకే తలూపుతారు. ఎంసీఐ ఉన్నవారు బ్యాంకు స్టేట్‌మెంట్ అర్థం చేసుకోవడంలో, బిల్లులు కట్టడంలో వెనకబడుతున్నారని అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లోనే చూపారు. నాలుగు విషయాలు ఒకేసారి మనసులో పెట్టుకుని బేరీజు వేసే పనిలో మెదడు ముందు భాగానిది పెద్ద పాత్ర.

నడకకూ ఆ భాగం సాయం కావాలి. చాలామంది పట్టించుకోని సంగతి ఇదే. మాట్లాడించగానే నడక ఆపేసే వృద్ధులకు పడిపోయే ముప్పు ఎక్కువని స్వీడన్ వైద్యులు 1997లో గమనించారు. కెనడాలోని ఒంటారియోలో ఎంసీఐ ఉన్న 112 మందిని మామూలుగా ఒకసారి, అంకెలు వెనక్కి లెక్కపెడుతూ ఒకసారి, జంతువుల పేర్లు చెబుతూ మరోసారి నడిపించారు. లెక్కపెట్టేటప్పుడు, పేర్లు చెప్పేటప్పుడు వేగం బాగా తగ్గినవారే తర్వాత డిమెన్షియా వైపు ఎక్కువగా వెళ్లారని 2017లో తేలింది. బళ్లారి రాయల్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటడమూ ఇలాంటి పరీక్షే. వచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో తేల్చుకోవాలి, అదే క్షణంలో అడుగూ వేయాలి.

మతిమరుపు అనిపించగానే డిమెన్షియా ముద్ర వేయకూడదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రమాత్రలు, వినికిడి తగ్గడం కూడా ఇలాగే కనిపించవచ్చు. వీటిని సరిచేస్తే తేరుకునేవారున్నారు. పరీక్ష ఏ భాషలో పెడుతున్నారన్నదీ ముఖ్యమే. ఇంట్లో తెలుగు మాట్లాడే అవ్వకు కన్నడంలో కథ చెప్పి తిరిగి చెప్పమంటే మార్కులు తగ్గొచ్చు, లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. తెలుగులో పెట్టమని కుటుంబం గట్టిగా అడగాలి.

ఇక సంతకం మాట. ఎంసీఐ ఉందన్న ఒక్క కారణంతో పెద్దాయన చేతిలోంచి కలం లాక్కోవడం అన్యాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది, సంతకం పెట్టే వేళకు ఆ మనిషి విషయం అర్థం చేసుకుని, తన మేలు కీడు తూచుకోగలడా అన్నదే. బళ్లారిలో దస్తావేజు కన్నడంలో ఉంటే, కన్నడం మాట్లాడగలిగినా చదవలేని తెలుగువారికి అది ఇంకో అడ్డంకి. దస్తావేజును తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించాలి. ఏం అర్థమైందో ఆయన మాటల్లోనే చెప్పించుకోవాలి. ఒక రాత్రి గడవనిచ్చి మళ్లీ అడగాలి. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే, 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. దారి తెలియనివారు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.