పెద్దలకు ఇంగ్లీషు వాచకము



నేను సంస్కృతాంధ్రములు చదివినవాడను. అయినను ఊరిబడిలో అన్ని పాఠములును చెప్పవలసి వచ్చుటచే ఇంగ్లీషును గూడ చిరకాలము బోధించితిని. ఉద్యోగవిరమణానంతరము మా యింటి అరుగుమీద సాయంకాలములయందు పెద్దవారికి ఇంగ్లీషు చదువుట నేర్పుచున్నాను. అందు నేను చేసిన యొక పొరపాటును, దానివలన నేర్చుకొన్న సంగతిని మీకు విన్నవించెదను.

మొదట నేను పసిపిల్లల వాచకమునే పెద్దల చేతికిచ్చితిని. అందు పిల్లి, బంతి, బొమ్మ తప్ప వేరేమియు లేవు. అరువదియేండ్లు దాటిన రైతొకడు నాలుగు దినములు వచ్చి మానివేసెను. కారణ మడుగుటకు వానియింటికి బోయితిని. అతడు రెండు మాత్రల షీట్లు తెచ్చి నా ముందుంచి, "పంతులుగారూ! ఆ పిల్లి కథ నా మనుమనికి చాలును. వీనిలో పరగడుపున వేసికొనవలసిన దేదో నాకు తెలియదు. ఇది చదువుట నేర్పరా?" అని యడిగెను. నేను వానిని త్రిప్పి చూడగా, అందొకదానికి గడువు తీరి అయిదు నెలలైనది. నాకు నోట మాట రాలేదు. పెద్దవానికి లోకజ్ఞానము నిండుగా నున్నది. అక్షర మొక్కటే క్రొత్త. ఆ భేదమును నేను గుర్తింపనైతిని.

మన పెద్దబాలశిక్షను తలచుకొనుడు. అందు అక్షరములు, గుణింతములు, చిన్న మాటలు క్రమముగా వచ్చును. వానితోబాటు సంవత్సరముల పేర్లు, తిథివార నక్షత్రములు నుండును. చదువును బ్రదుకును అందు వేరు కాలేదు. పెద్దలకు వ్రాయు ఇంగ్లీషు పాఠమును అట్లే యుండవలెను.

ఈ విషయమై పూర్వులు శ్రమించియున్నారు. వంగదేశమున ఢాకాలో విద్యాధికారిగా నుండిన మైకేల్ వెస్టు, బాలుర వాచకములలో అరుదైన మాటలు గుంపులుగా వచ్చుటయే చదువు సాగకుండుటకు కారణమని కనుగొనెను. వాడుక మాటలనే తీసికొని, ఒక్కొక్కదానిని తగినంత యెడముతో ప్రవేశపెట్టుచు వాచకములు కూర్చెను. ఆయన 1953లో ప్రకటించిన పట్టికలో సుమారు 2000 మాటలు గలవు. అంతకు ముందే 1930లో ఆగ్డెన్ అను ఆంగ్లేయుడు 850 మాటలతో "బేసిక్ ఇంగ్లీషు"ను ఏర్పరచెను. పట్టికలు మేలైనవే. కాని ఆగ్డెన్ పట్టికలో "ఎక్స్‌పైరీ" యను మాట లేదు. మా రైతునకు అదియే మొదటి పాఠము. కావున పట్టికకంటె ముందు మనిషి యవసరమును చూడవలెను.

ఇప్పుడు నేను చేయు పద్ధతి యిది. ఎవరికి ఏ కాగితము చదువవలసి యున్నదో దానిని వెంట తెమ్మందును. ఒకరు మాత్రల షీటు, ఒకరు కరెంటు బిల్లు, ఒకరు బ్యాంకు పాసుపుస్తకము తెత్తురు. పిదప దానినిగూర్చి వారినే తెలుగున చెప్పుమని, ఆ మాటలనే చిన్న ఇంగ్లీషు వాక్యములుగా వ్రాసియిత్తును. "దిస్ ఈజ్ మై టాబ్లెట్. ఐ టేక్ దిస్ టాబ్లెట్ బిఫోర్ ఫుడ్." సంగతి తనదే గావున అర్థము ముందే తెలిసియుండును, కన్ను అక్షరమును పట్టుకొనిన చాలును.

క్రొత్త మాటల లెక్క తప్పరాదు. తోడు లేక సుఖముగా చదువుటకు నూటికి 98 మాటలు తెలిసియుండవలెనని పరిశోధకులు చెప్పుచున్నారు. గురువు ప్రక్కన నున్నచో అయిదు క్రొత్తమాటల వరకు చెల్లునని నా యనుభవము. ఆ మాటలు ఆ పాఠముననే పలుమార్లు, తరువాతి పాఠములలో మరల రావలెను.

మరియొక సంగతి. మాత్రల షీటుపై గడువు సాధారణముగా పెద్దబడి అక్షరములలో ఇ, ఎక్స్, పి యని మాత్రమే యుండును. దాని చెంతనే తయారైన తేదీకి ఎం, ఎఫ్, జి యని యుండును. చిన్నబడి అక్షరములు మాత్రమే నేర్పిన వాచకము ఇచ్చట పనికిరాదు. ఏ వేళ వేసికొనవలెనో వైద్యుని చీటీ చెప్పును. షీటుమీది పేరును ఆ చీటీలోని పేరుతో పోల్చి చూచుట కూడ పాఠమే. సందేహమున్నచో వైద్యునే యడుగవలెనని ప్రతి పాఠము చివర వ్రాయుదును.

ఆ రైతు మరల వచ్చెను. మూడు నెలలకు, దుకాణదారుడిచ్చిన షీటును వెలుతురునకు త్రిప్పి చూచి, "ఇది ఈ నెలతో సరి, వేరొకటి యిమ్ము" అని తిరిగి యిచ్చెనట. నాకు అంతకుమించిన గురుదక్షిణ లేదు.

గ్రామపెద్దలారా! మీ యూర చదువ నేర్చిన యువకు డొకడుండును. మీ యింటి కాగితములను వాని ముందుంచి, మీ మాటలతోనే పాఠము వ్రాయించుకొనుడు. ఈ వయస్సున నేర్చుకొనుట సిగ్గు కాదు.